చిన్న ఊరిలో అందరికీ అన్నీ తెలుస్తాయి: మన గుట్టు మనకు మిగుల్చుకోవడం సాధ్యమేనా?

ప్రశ్న
అడిగినవారు: వీధి చివరి ఇల్లు

రెండేళ్ల క్రితం మా వారి ఉద్యోగ బదిలీ వల్ల మేము ఒక పెద్ద నగరం నుంచి చిన్న పట్టణానికి వచ్చాము. నగరంలో ఆరేళ్లు ఒకే అంతస్తులో ఉన్నా ఎదురింటివారి పేరు నాకు తెలియదు. ఇక్కడ సామాను దించిన సాయంత్రానికే మేము ఎవరమో, ఏం చేస్తామో, మాకు పిల్లలు ఉన్నారో లేదో వీధి మొత్తానికి తెలిసిపోయింది. మొదట్లో అది నాకు ఆదరణగానే తోచింది. ఇప్పుడు అలా తోచడం లేదు, అలాగని ద్వేషించనూ లేకపోతున్నాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

గత ఏడాది నాకు పదకొండో వారంలో గర్భస్రావం అయింది. గర్భం వచ్చిన సంగతే మేము ఎవరికీ చెప్పలేదు. పోయిన సంగతి మా అక్కకూ వైద్యురాలికీ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను. రెండు రోజులైనా కాకముందే పక్కింటావిడ గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "బాధపడకమ్మా, ఈసారి నిలుస్తుంది" అన్నారు. ఆ మాటలో దురుద్దేశం ఏమీ లేదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. కాని, నాకు నేనే ఇంకా సరిగా చెప్పుకోని విషయాన్ని నడివీధిలో మరొకరి నోట వినవలసి వచ్చినప్పుడు, నా దుఃఖాన్ని నాకంటే ముందు ఎవరో వాడేసుకున్నట్టు అనిపించింది. ఆ తరువాత కొన్ని వారాల పాటు నేను ఇంటికి చుట్టుదారిన వచ్చేదాన్ని. మందులు పక్క ఊరి నుంచి తెప్పించుకునేదాన్ని. కిటికీ తెరలు వేసుకుంటే, ఒంట్లో బాగుండలేదేమోనని తలుపు తట్టేవారు.

అదే మనిషి, నాలుగు నెలల తరువాత మా వారు ఊరిలో లేని రోజున నాకు 103 డిగ్రీల జ్వరం వస్తే, పిలవకుండానే వచ్చి తెల్లవార్లూ నా మంచం పక్కన కూర్చున్నారు. పగలంతా మా కిటికీ తెరుచుకోలేదని గమనించి వచ్చారట. నన్ను బాధపెట్టిన చూపూ, ఆ రాత్రి నన్ను కాపాడిన చూపూ ఒకటేనని అప్పుడు అర్థమై, ఎటూ తేల్చుకోలేకపోయాను.

నా జీవితంలో కొంత భాగాన్ని నా దగ్గరే ఉంచుకోవాలంటే, గర్విష్ఠి అనే పేరు తెచ్చుకోకుండా, ఆ ఆదరణను పోగొట్టుకోకుండా ఏం చేయాలి? అసలు అలా కోరుకోవడమే స్వార్థమా? చిన్న ఊళ్లలో చాలాకాలం ఉన్నవారు, వదిలి వెళ్ళినవారు కూడా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం
రాసినవారు: విశ్రాంత నర్సు

అమ్మా, ముందుగా మీకు జరిగినదానికి నా విచారం తెలియజేస్తున్నాను. అటువంటి సమయంలో ఆ మాట వీధిలో వినవలసి రావడం చిన్న గాయం కాదు.

నేను ఒక చిన్న ఆసుపత్రిలో 31 సంవత్సరాలు పనిచేశాను. మీ సంగతి ఎలా బయటపడిందో నాకు తెలియదు గాని, ఇలాంటివి సాధారణంగా ఎలా బయటపడతాయో తెలుసు. చాలాసార్లు ఎవరూ నోరు జారనవసరమే ఉండదు. స్కానింగ్ గది ముందు బల్ల మీద మీరు కూర్చున్నప్పుడు ఒకరు చూస్తారు, మీరు సెలవు పెట్టారని మరొకరికి తెలుస్తుంది, మీ వారు పగటిపూట ఇంట్లో ఉన్నారని మూడో వ్యక్తి గమనిస్తారు. నలుగురి దగ్గర ఉన్న నాలుగు ముక్కలు సాయంత్రం ఒకచోట కలిస్తే, చెప్పిన మనిషంటూ లేకుండానే కథ పూర్తవుతుంది. అందువల్ల, ఆసుపత్రివారే చెప్పి ఉంటారన్న నిర్ణయానికి వెంటనే రావద్దని నా మనవి. ఒకవేళ సిబ్బందిలో ఎవరైనా చెప్పారని నిజంగా రూఢి అయితే మాత్రం ఊరుకోకండి. లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఎందుకంటే అది తప్పు.

వైద్యవృత్తిలో రెండు వేల ఏళ్లకు పైబడిన హిపోక్రటీస్ ప్రతిజ్ఞ ఒకటి ఉన్న సంగతి అందరూ విన్నదే. అందులో ఒక అంశం మాత్రం చాలామంది గమనించరు. చికిత్స సందర్భంలో తెలిసినదే కాక, చికిత్సతో సంబంధం లేకుండా మనుషుల జీవితాల్లో చూసినదీ విన్నదీ కూడా, చెప్పదగనిదైతే చెప్పనని ఆ ప్రతిజ్ఞ చేసినవారు ఒప్పుకుంటారు. పెద్ద నగరంలో ఈ రెండో భాగంతో పెద్దగా పని పడదు. మా వంటి చోట మాత్రం అదే అసలు పరీక్ష: ఉదయం నా చేతుల మీదుగా రక్తపరీక్ష చేయించుకున్న మనిషి మధ్యాహ్నం మా అబ్బాయికి పాఠం చెప్తారు, సాయంత్రం నా పక్కనే వరుసలో నిలబడతారు. నేను నా కోసం ఒక నియమం పెట్టుకున్నాను. ఆసుపత్రి బయట ఎవరినీ వారి ఆరోగ్యం గురించి నేనుగా అడగలేదు. "ఎలా ఉన్నారు" అన్న మామూలు పలకరింపు కూడా కొందరి విషయంలో మానుకున్నాను, ఎందుకంటే నా నోటి నుంచి వస్తే ఆ మాటకు వేరే అర్థం వస్తుంది. కొందరు నన్ను ముభావి అనుకున్నారు. అనుకోనిచ్చాను.

ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఏమిటంటే, చిన్న ఊరిలో తెలియకుండా ఉంచడం దాదాపు మన చేతిలో లేదు. తెలిసినదాన్ని ఎత్తకుండా ఉండడం మాత్రం ఎదుటివారి చేతిలో ఉంది, దానిని మనం అడిగి తీసుకోవచ్చు. మీ వైద్యురాలిని అడగండి: రోజు చివరి సమయం ఇవ్వమని, వరండాలో పేరుతో పాటు విభాగం కూడా కేకవేయవద్దని, ఫలితాలు మీ ఫోనుకే చెప్పమని. ఇవి ఎవరికీ భారం కాని సర్దుబాట్లు. ఎవరూ అడగరు కాబట్టి జరగడం లేదు, అంతే.

పక్కింటావిడతో కూడా ఒక్క మాట సూటిగా చెప్పి చూడండి. "ఆ రోజు మీరు అన్నది మంచికే అన్నారు, కాని ఆ విషయం నేను ఎత్తినప్పుడు తప్ప మీరు ఎత్తకండి" అంటే సరిపోతుంది. రాత్రంతా కూర్చోగల మనిషి ఆ మాత్రం వినలేకపోరు.

సమాధానం
రాసినవారు: సామాజికశాస్త్ర ఉపాధ్యాయుడు

పైన రాసిన నర్సు గారి మాటను నేను ఆమోదిస్తున్నాను. దానికి కొంత చేర్చదలిచాను.

ముందు మన భాషలోని ఒక చిక్కు గురించి చెప్పాలి, అది ఈ ప్రశ్నకు దూరమైనది కాదు. మీరు కోరుతున్నదానికి తెలుగులో వాడుకలో ఉన్న మాటలు మూడు: గోప్యత, ఏకాంతం, గుట్టు. మొదటిది దాచడం నుంచి వచ్చింది, రెండవది ఒంటరిగా ఉండడాన్ని చెబుతుంది, మూడవది బయటపడితే ముప్పు తెచ్చే రహస్యం. మీరు అడుగుతున్నది ఈ మూడూ కాదు. మీరు దాచదగిన తప్పేమీ చేయలేదు, ఒంటరిగా ఉండాలనీ కోరడం లేదు. ఏది, ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్న నిర్ణయం మీ దగ్గర ఉండాలని కోరుతున్నారు. దానికి సరైన మాట లేకపోవడం వల్ల, "నాకు కొంత గోప్యత కావాలి" అనగానే ఎదుటివారి మనసులో "ఏం దాస్తోంది" అన్న ప్రశ్నే పుడుతుంది. కనుక ఆ మాట వాడకండి. "చెప్పాలనిపించినప్పుడు నేనే చెప్తాను" అనండి. ఇది తలుపు మూయడం కాదు, గడియ మీ వైపున ఉందని చెప్పడం.

ఇక గమనింపు సంగతి. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజికశాస్త్రవేత్త 1949 నుంచి 1951 మధ్య స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల్లో ఒక చిన్న సమాజం మధ్య నివసించి పరిశోధన చేశారు. అక్కడ ఆయన గమనించిన ఒక దృశ్యం నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. ఇంటికి వచ్చే పొరుగువారిని లోపలివారు కిటికీలోంచి ముందే చూస్తారు. వచ్చేవారు దారిలో మామూలు ముఖంతో ఉండి, గుమ్మం దగ్గరికి రాగానే చిరునవ్వు తెచ్చుకుంటారు. లోపలివారు ఆ మార్పును చూస్తున్నారని తెలిసిన కొందరు, ఇల్లు ఇంకా చాలా దూరంలో ఉండగానే ఆ నవ్వు తగిలించుకుని నడుస్తారు. మీరు చుట్టుదారిన ఇంటికి రావడం చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఎప్పుడు ఎవరు చూస్తున్నారో తెలియని చోట మనిషి ముఖానికి విశ్రాంతి ఉండదు. ఆ అలసట నిజమైనది, దానిని మీ సున్నితత్వం అని కొట్టిపారేయకండి.

అయితే, మీ గురించి మాట్లాడుకున్నారన్న విషయానికి రెండో ముఖం కూడా ఉంది. మాక్స్ గ్లక్‌మన్ అనే మానవశాస్త్రవేత్త 1963లో ప్రచురించిన ఒక వ్యాసంలో, ఒకరి గురించి ఒకరు చెప్పుకునే కబుర్లు ఒక సమూహాన్ని కలిపి ఉంచే పని చేస్తాయనీ, సమూహంలోని వారి గురించి మాట్లాడే హక్కు ఆ సమూహానికి చెందినవారికే ఉంటుందనీ వాదించారు. బయటివాడు ఆ కబుర్లలో పాల్గొనబోతే అందరూ మౌనం వహిస్తారు. ఈ వాదనకు వ్యతిరేకులు ఉన్నారు. కబుర్లు సమూహం కోసం కాదనీ, ఎవరి ప్రయోజనం కోసం వారు చెప్పుకుంటారనీ రాబర్ట్ పెయిన్ అనే మరో మానవశాస్త్రవేత్త 1967లో సమాధానం రాశారు. నా అనుభవంలో రెండూ నిజమే. పక్కింటావిడ మీ దగ్గర ఆ మాట ఎత్తడం మీరు ఆ ఊరి మనిషి అయ్యారనడానికి గుర్తు. మీకు ఆ గుర్తు బాధాకరమైన రూపంలో అందింది.

చిన్న ఊరిని నగరం నుంచి వేరుచేసేది జనసంఖ్య ఒక్కటే కాదు. నగరంలో వైద్యుడు వైద్యుడే, ఇంటి యజమాని ఇంటి యజమానే. ఇక్కడ ఒకే మనిషి మీకు పొరుగువాడు, మీ వారి సహోద్యోగికి బావమరిది, పాఠశాల కమిటీ సభ్యుడు కూడా కావచ్చు. ఒక సంబంధంలో తెలిసిన విషయం మిగిలిన సంబంధాల్లోకి పొర్లకుండా ఆపే గోడలు లేవు. అందుకే నేను విద్యార్థులకు చెప్పేది ఇది: ఏమీ చెప్పకుండా ఉండిపోతే ఆ ఖాళీని ఊహ నింపుతుంది, ఊహ ఎప్పుడూ నిజం కంటే పెద్దదిగానే ఉంటుంది. మీరు నమ్మే ఒక మనిషిని ఎంచుకుని, చెప్పదలిచినంత మీరే చెప్పి, "ఎవరైనా అడిగితే ఇంతవరకు చెప్పండి" అని కూడా చెప్పండి. ఎలాగూ నడిచే కబురుకు కనీసం మొదటి వాక్యం మీది అవుతుంది.

సమాధానం
రాసినవారు: వదిలి వచ్చినవాడు

పై రెండు సమాధానాలూ మంచి మనసుతో రాసినవే. కాని అవి ఊరు మెచ్చే జీవితం గడుపుతున్నవారికి పనికివస్తాయి. అలా గడపలేనివారి గురించి నేను చెప్పాలి.

మా తమ్ముడు పద్దెనిమిదేళ్ల వయసులో ఒక పొరపాటు చేశాడు. కొంత డబ్బు తీశాడు, వారంలో తిరిగి ఇచ్చాడు, పోలీసుల వరకు వెళ్ళలేదు. పన్నెండేళ్ల తరువాత, ఏ మచ్చా లేకుండా ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి సంబంధం చూస్తుంటే, పెళ్లికూతురి తరఫువారికి మొదట చేరిన కబురు అదే. చెప్పినవారు శత్రువులు కారు. మేలు కోరేవారే. నర్సు గారు అన్నట్టు ఎవరినని అడిగి ఆపించగలం? ఉపాధ్యాయుల వారు అన్నట్టు మొదటి వాక్యం మాదే కావాలంటే, ప్రతి కొత్త మనిషి దగ్గరా మేమే ఆ తప్పుతో మొదలుపెట్టాలా?

స్పెయిన్‌లో ఒక వ్యక్తి బాకీ పడి అతని ఆస్తి వేలానికి వచ్చినప్పుడు, 1998లో ఒక దినపత్రికలో దాని ప్రకటన వచ్చింది. బాకీ తీరిపోయిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా గూగుల్‌లో తన పేరు వెతికితే ఆ ప్రకటనే కనిపిస్తోందని అతను పోరాడితే, 2014లో ఐరోపా న్యాయస్థానం అతని పక్షాన తీర్పు ఇచ్చింది. కాలం చెల్లిన సమాచారపు లంకెలను పేరు మీది వెతుకులాట నుంచి తొలగించమని అడిగే హక్కు అక్కడివారికి అలా స్థిరపడింది. ఆ తీర్పు గురించి చదివిన రోజున నేను చాలాసేపు ఆలోచించాను. ఒక ఊరి జ్ఞాపకానికి ఆ దరఖాస్తు పెట్టుకునే కార్యాలయం ఎక్కడా లేదు.

నేను నగరానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇక్కడ నేను ఎవరి కొడుకునో, ఎవరి అన్ననో ఎవరికీ తెలియదు; మొదటి ఏడాదంతా ఆ తేలికదనం వల్ల నిద్ర కూడా బాగా పట్టేది. నిజం చెప్పాలి కాబట్టి ఇది కూడా చెబుతున్నాను: రెండేళ్ల క్రితం నడుము పట్టేసి నాలుగు రోజులు మంచం దిగలేకపోయాను, ఆ నాలుగు రోజుల్లో నా తలుపు ఎవరూ తట్టలేదు. గియోర్గ్ సిమ్మెల్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త 1903లోనే మహానగర జీవితం గురించి రాస్తూ, అది చిన్న ఊరి ఇరుకు నుంచి మనిషికి స్వేచ్ఛ ఇస్తుందనీ, అయితే ఆ గుంపులో కలిగేంత ఒంటరితనం మరెక్కడా కలగదనీ అన్నారు. ఆ నాలుగు రోజులూ నేను ఆ మాటను నమ్మాను. అయినా తిరిగి వెళ్ళలేదు, మా తమ్ముణ్ణి కూడా ఇక్కడికే తెచ్చుకున్నాను.

మీరు అడిగిన చివరి ప్రశ్నకు నా జవాబు: అది స్వార్థం కాదు. ఆదరణ పొందడానికి మీరు ముందుగా మీ జీవితాన్ని అప్పజెప్పాలని ఎవరూ నియమం పెట్టకూడదు. కొన్నాళ్లు ప్రయత్నించండి. ఊపిరాడకపోతే వెళ్ళిపోండి, అది ఓడిపోవడం కాదు.

సమాధానం
రాసినవారు: లెక్కల మనిషి

ఒక్క విషయం చేర్చి ఆగుతాను. "పేరు చెప్పలేదు కదా" అని చాలామంది తమను తాము సమర్థించుకుంటారు. ఊరి వాట్సాప్ గుంపుల్లో ఇది మరీ ఎక్కువ. లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో, పుట్టిన తేదీ, లింగం, నివాసపు పిన్‌కోడు వంటి సంఖ్య అనే మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని అంచనా వేశారు. 2006లో ఫిలిప్ గోల్ అనే మరో పరిశోధకుడు మళ్ళీ లెక్కవేసి అది 63 శాతం దగ్గర ఉంటుందన్నారు. ఏ లెక్క తీసుకున్నా అవి పెద్ద దేశపు అంకెలు. కొన్ని వేల మంది ఉన్న ఊరిలో పుట్టిన తేదీ కూడా అక్కర్లేదు. "కొత్తగా వచ్చినవాళ్లలో ఒకావిడ" అంటే చాలు. జనాభా లెక్కలు ప్రచురించే సంస్థలు చిన్న ప్రాంతాల పట్టికల్లో మరీ తక్కువ సంఖ్యలు వచ్చే గడులను దాచిపెట్టేది ఈ కారణం చేతనే. కనుక గుంపుల్లో ఎవరి అనారోగ్యం గురించైనా సానుభూతితోనే రాయబోయేవారు, పేరు తీసేయడం రక్షణ కాదని దయచేసి గుర్తించాలి.

ప్రశ్న అడిగినవారి ప్రతిస్పందన
రాసినవారు: వీధి చివరి ఇల్లు

అందరికీ కృతజ్ఞతలు. ఆరు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను, ఎందుకంటే మీరు చెప్పినవాటిలో కొన్ని చేసి చూడకుండా జవాబు రాయడం సరికాదనిపించింది.

ఆసుపత్రిలో అడిగాను. ఆఖరి సమయం ఇవ్వడానికి వెంటనే ఒప్పుకున్నారు, విభాగం పేరు కేకవేయడం కూడా మానేశారు. నా ఒక్కదాని విషయంలో కాదు, అందరి విషయంలోనూ మానేసినట్టున్నారు.

పక్కింటావిడతో మాట్లాడడం అంత తేలిగ్గా జరగలేదు. నర్సు గారు రాసిచ్చిన వాక్యాన్నే దాదాపుగా అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. తాను ఎవరినీ అడగలేదనీ, ఎవరికీ చెప్పలేదనీ, నా నడక చూసి తనకే తెలిసిందనీ అన్నారు. నేను నమ్మాను. "తెలిసి కూడా తెలియనట్టు ఉండమంటావా, అది మోసం కాదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పటికి సమాధానం లేదు. మోసం కాదు, నాకు కొంచెం సమయం ఇవ్వడం అని తరువాత తోచింది గాని, ఆ మాట ఆమెతో ఇంకా అనలేదు. పది రోజుల పాటు ఆమె మా వైపు రాలేదు, ఆ పది రోజులూ నేను ఆమె అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉన్నానని ఒప్పుకోవాలి.

నగరం నుంచి రాసినవారికి: మీ తమ్ముడి గురించి చదివిన తరువాత, మా వీధిలో నాకు తెలిసిన ఒకరి పాత సంగతిని నేను కూడా ఒకసారి మా వారితో, ఆపైన మా అక్కతో చెప్పానని గుర్తొచ్చింది. అప్పుడు అది నాకు తప్పుగా అనిపించలేదు. ఇక్కడ ఉండిపోతామో లేదో మేము ఇంకా నిర్ణయించుకోలేదు. బదిలీకి మరో ఏడాది గడువు ఉంది.

పక్కింటావిడ మళ్ళీ వస్తున్నారు. ఇదివరకు నేరుగా తలుపు దాకా వచ్చేవారు, ఇప్పుడు గేటు దగ్గర ఆగి పిలుస్తున్నారు. లోపలికి రమ్మని నేను ప్రతిసారీ అనడం లేదు. అనని రోజున రెండు మాటలు మాట్లాడి వెనుదిరుగుతున్నారు, మరునాడు మళ్ళీ వస్తున్నారు.